పది యూనివర్సిటీలకి ఫీజు కట్టేముందు ఫండింగ్ సంగతి కనుక్కోండి

ప్రశ్న: సర్, మూడేళ్లుగా జాబ్ చేస్తున్నా. స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్‌కని ర్యాంకింగ్ చూసి అమెరికాలో పది యూనివర్సిటీలు రాసుకున్నా. దాచుకున్నది ఏడాది ఫీజుకి కూడా చాలదు, మిగతాదానికి లోన్ తీసుకోవాల్సిందే. వీటిలో వేటికి అప్లై చేయమంటారు?

జవాబు: పదీ అక్కర్లేదండి. ప్రతి అప్లికేషన్‌కీ ఫీజు ఉంటుంది, జీఆర్ఈ స్కోరు కూడా పరీక్ష రోజు నాలుగు చోట్లకే ఫ్రీగా పంపిస్తారు, ఐదో దాని నుంచి మీ జేబే. ర్యాంకింగ్ పక్కన పెట్టి ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ మెయిల్ కొట్టండి, మాస్టర్స్ వాళ్లకి అసిస్టెంట్‌షిప్ (పాఠాల్లోనో రీసెర్చ్‌లోనో సాయం చేసినందుకు డిపార్ట్‌మెంట్ డబ్బిచ్చే పని) ఇస్తారా, ఇస్తే మొదటి సెమిస్టర్ నుంచేనా, స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండుకా అని. ట్యూషన్ ఫీజు మాఫీ అన్నారని ఖర్చంతా పోయినట్టు కాదు, స్టూడెంట్ ఫీజులూ హెల్త్ ఇన్సూరెన్సూ మీ నెత్తినే పడొచ్చు, అదీ అడగండి. అప్లికేషన్ ఫీజు మినహాయింపు ఉందేమో కూడా, అడిగితే పోయేదేముంది.

అక్కడ సైన్స్ పీహెచ్‌డీలకి చాలాచోట్ల ట్యూషన్ వాళ్లే భరించి స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్‌కి మాత్రం ఎక్కువమంది సొంత డబ్బే పెట్టుకుంటారు. అలాగని డబ్బు కోసం పీహెచ్‌డీలో దూరకండి, ఐదారేళ్లు, రీసెర్చ్ మీద ఇష్టం లేకపోతే నరకం.

మీ లిస్టులో జర్మనీ ఒక్కటీ ఎందుకు లేదో నాకర్థం కాలేదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా మాస్టర్స్‌కి ట్యూషన్ ఫీజు ఉండదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటోంది. వీసాకి ఏడాది ఖర్చుల డబ్బు ముందే చూపించాలి నిజమే, కానీ అది మీరే నెలనెలా వాడుకునే డబ్బు.

లోన్ తప్పదంటే ఒక్కటి చూసుకోండి, చదివినన్నాళ్లూ ఈఎంఐ లేదంటే వడ్డీ లేదని కాదు, చాలా లోన్లలో అది లోపల పెరుగుతూనే ఉంటుంది. కోర్సు అయ్యేనాటికి ఎంతవుతుందో ఇప్పుడే లెక్కేసి, మీ ఫీల్డ్‌లో కొత్తగా చేరేవాళ్ల జీతంతో ఆ ఈఎంఐ కట్టగలరా లేదా చూడండి, కష్టం అనిపిస్తే ఆ పేరు ఎంత పెద్దదైనా కొట్టేయడమే.

ఆఫర్లు వచ్చాక తొందరపెడితే కంగారు పడకండి. ఫండింగ్ ఉన్న ఆఫర్‌కి ఏప్రిల్ 15 దాకా టైమ్ ఇస్తామని అమెరికాలో చాలా గ్రాడ్ స్కూల్స్ (యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చూసే విభాగాలు) సంతకం పెట్టాయి. ఫండింగ్ లేని అడ్మిషన్‌కి అది వర్తించదు, అందుకే అలాంటి చోట డిపాజిట్ ఎప్పటిలోగా కట్టాలో, చేరకపోతే తిరిగిస్తారో లేదో అప్లై చేసేటప్పుడే చూసి పెట్టుకోండి.