ఫుట్‌బాల్ తెలియకపోయినా ఇంగ్లిష్ రచయిత్రి జిల్లీ కూపర్ నవల ‘టాకిల్!’ చదవచ్చా? 86 ఏళ్ళ వయసులో ఆవిడ అంత పచ్చిగా రాయడం బాగుందా?

చదవచ్చు, హాయిగా చదవచ్చు. రెండో ప్రశ్న చూశాక మాత్రం నాకు కాస్త కోపం వచ్చింది. అందుకే కూర్చుని ఇంత రాస్తున్నాను.

మాది తెనాలి. 2023లో కేర్ వర్కర్ (పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళని చూసుకునే పని) వీసా మీద ఇంగ్లండ్ వచ్చి గ్లోస్టర్‌షైర్‌లో, స్ట్రౌడ్ చుట్టుపక్కల పనిచేశాను. జిల్లీ కూపర్ ఉండే బిస్లీ ఊరు కూడా అక్కడికి దగ్గరే. నేను సాయంత్రాలు వెళ్ళే ఇళ్ళలో ఆఖరిది 91 ఏళ్ళ పెద్దావిడది. పేరు పెట్టి పిలవమనేది. అంత పెద్దామెను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ‘అమ్మమ్మా’ అని పిలిచి దాని అర్థం చెప్పాను. మర్నాటి నుంచి అదే ఖాయమైంది.

ఈ కేర్ కంపెనీల గురించి ఒక మాట చెప్పాలి. మా కంపెనీ ఒక్కో ఇంటికి అరగంట ఇచ్చేది. మాత్రలు వేయాలి, సూప్ వేడి చేయాలి, బట్టలు మార్చాలి, అంతా ఫోన్‌లో ఎక్కించాలి. మనిషితో మాట్లాడటానికి అందులో నిమిషం కూడా ఉండదు. పొద్దున్నుంచి ఇంకో గొంతు వినని వాళ్ళకి మాత్రల కన్నా ముందు కావలసింది మాట. అందుకే ఆవిడ ఇంట్లో డ్యూటీ అయ్యాక ఇంకో గంట ఉండిపోయేదాన్ని.

2024 ఫిబ్రవరిలో ఒక వాన సాయంత్రం ‘టాకిల్!’ నా చేతిలో పెట్టి చదవమంది. కూతురు క్రిస్మస్‌కి కొనిచ్చిందట, భూతద్దం పెట్టుకున్నా అక్షరాలు ఆనడం లేదట. సరేనని మొదలుపెట్టాను. రూపర్ట్ కాంప్‌బెల్-బ్లాక్ అనే గుర్రాల ఆసామి తన ప్రాంతంలోని చిన్న ఫుట్‌బాల్ క్లబ్బును కొంటాడు. ఆటగాళ్ళు, వాళ్ళ భార్యలు, గర్ల్‌ఫ్రెండ్‌లు, అలకలు, దొంగచాటు వ్యవహారాలు. ఇంతలో పడకగది సన్నివేశం వచ్చింది. నా చెవులు వేడెక్కిపోయాయి. మెల్లగా రెండు కాగితాలు కలిపి తిప్పేశాను.

“రెండు తిప్పావు,” అంది. “కళ్ళు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. వెనక్కి వెళ్ళు.”

వెళ్ళాను. చదివాను. పళ్ళ సెట్టు తీసేసి ఉంది, ఆ బోసి నోటితో ఆవిడ పడీ పడీ నవ్వింది. నాప్కిన్‌తో కళ్ళు తుడుచుకుంటూ ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. రెండోసారి చదివేటప్పుడు నాకూ నవ్వు ఆగలేదు. మా ఇద్దరికీ వయసులో అరవై ఏళ్ళ తేడా. ఆ క్షణంలో హాస్టల్ గదిలో ఇద్దరు ఆడపిల్లల్లా ఉన్నాం.

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అనే రూల్ కూడా ఆ రోజే నేర్పింది. ట్రేలో ఉప్పు డబ్బా అవతలి జట్టు గోల్‌కీపర్. దాని ముందు మాత్రల పెట్టె, అది వాళ్ళ డిఫెండర్. నా బిస్కెట్ మన జట్టువాడు. “ఇక్కడ బంతి తన్నిన క్షణానికి మనవాడు ఆ పెట్టెను దాటేసి ఉండకూడదు. బంతి వెళ్తుండగా దాటితే తప్పు లేదు.” మావారు టీవీ ముందు పదిసార్లు చెప్పినా ఎక్కనిది రెండు నిమిషాల్లో ఎక్కింది.

నిజానికి నవలకి ఆ మాత్రం ఫుట్‌బాల్ కూడా అక్కర్లేదు. మ్యాచ్‌లు గబగబా అయిపోతాయి. 1985లో వచ్చిన ఆవిడ నవల ‘రైడర్స్’లో షో జంపింగ్ (గుర్రాలతో అడ్డంకులు దూకించే పోటీలు) రాసిన పట్టు ఇందులో లేదు. పాత్రలు మరీ ఎక్కువ. ముందు ఇచ్చే పాత్రల పట్టికలో కుక్కలూ గుర్రాలూ కూడా ఉంటాయి, దాని దగ్గర బుక్‌మార్క్ పెట్టుకుని చదవాలి. క్లబ్బు ఊహ మాత్రం జిల్లీ కూపర్ ఊరికి దగ్గర్లోని నెయిల్స్‌వర్త్ జట్టు ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ నుంచి వచ్చింది. గ్రౌండ్‌లో మాంసం అమ్మని వీగన్ క్లబ్బు అది. పాపం, 2022లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె అయిన లీగ్ వన్‌కి ఎక్కి, రెండేళ్ళలో రెండు మెట్లు దిగి ఫుట్‌బాల్ లీగ్‌లోంచే బయటికి పోయింది.

ఇక బాగుందా అన్న ప్రశ్న. ఈ నవలలోనే రూపర్ట్ భార్య టాగీకి కాన్సర్ వస్తుంది. పడకగది నవ్వులూ ఆ భయమూ ఒకే పుస్తకంలో ఉంటాయి. జిల్లీ కూపర్ భర్త పార్కిన్సన్స్‌తో ఏళ్ళ తరబడి బాధపడి 2013లో పోయారు. జబ్బు మనిషి పక్కన కూర్చోవడమంటే ఏమిటో తెలిసిన రచయిత్రి ఆవిడ. అంతా చూసిన తర్వాత కూడా కోరిక గురించి నవ్వుతూ రాయగలిగింది. అది వయసు వల్ల వచ్చే ధైర్యం. పాతికేళ్ళ వాళ్ళు అలా రాయలేరు, వాళ్ళకి తమని ఎవరేమనుకుంటారో అన్న టెన్షన్ ఎక్కువ.

మన దగ్గర ఇలాంటివి లేవని ఎవరైనా అంటే ఒప్పుకోను. 18వ శతాబ్దంలోనే తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. వీరేశలింగం గారంతటి సంస్కర్త దాన్ని తిట్టిపోశారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు పట్టుబట్టి అచ్చు వేయిస్తే మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారి చొరవతో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. శృంగారం మగవాళ్ళు రాస్తే ప్రబంధం, ఆడవాళ్ళు రాస్తే బూతా? మా అమ్మ తరం వాళ్ళు సీరియల్ నవలల్లో పెద్ద కారు, పొడుగాటి హీరో దగ్గర ఆగిపోయి మిగతాది మనసులోనే ఊహించుకున్నారు. పైకి నవ్వే అవకాశం వాళ్ళకి ఎవరిచ్చారు?

జిల్లీ కూపర్ 2025 అక్టోబరులో 88 ఏళ్ళకి పోయారు. నేను అంతకు ముందే బ్రిస్టల్ మారిపోయాను. ఆ వార్త చూడగానే అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ సాయంత్రం నేను దాటెయ్యబోయిన పేజీ నెంబరు చెప్పి, పుస్తకం నా దగ్గర ఉంటే ఇప్పుడే చదవమంది. ఉంది. చదివాను.