యంత్రాన్ని కాదు, కంపైలర్‌ని అడగండి

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా ఇంట్లో ఉన్న చిన్న సింగిల్ బోర్డ్ కంప్యూటర్ మీద ఒక వీడియో లైబ్రరీని కంపైల్ చేస్తుంటే అసెంబ్లీ ఫైళ్ల దగ్గర 'బ్యాడ్ ఇన్‌స్ట్రక్షన్' అని వందల కొద్దీ ఎర్రర్లు వచ్చాయి. యంత్రం రకం చెప్పే 'యునేమ్ -ఎం' కమాండ్ కొడితే ఏఆర్చ్64 (64 బిట్ ఆర్మ్) అనే చూపిస్తోంది. చివరికి నెట్‌లో ఎవరో సరిచేసి పెట్టిన కాన్ఫిగర్ స్క్రిప్ట్ (కంపైల్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షించే ఫైల్) దొరికితే సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, రన్ చేశాను, పనైపోయింది. అసలు తప్పెక్కడ?
- ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: రాజాం నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఇద్దరు ఇంతకుముందే ఇదే అడిగారు. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎర్రర్లు మీ వల్ల రాలేదు. మీ బోర్డులో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) 64 బిట్‌ది, దాని మీద నడిచే మిగతా సిస్టమ్, కంపైలర్‌తో సహా, 32 బిట్‌ది అయి ఉంటుంది. ఇలా కలిపి ఇచ్చే బోర్డులు చాలానే ఉన్నాయి, ఆ సంగతి ఎక్కడా స్పష్టంగా చెప్పరు. యునేమ్ చెప్పేది కెర్నల్ గురించి మాత్రమే. స్క్రిప్ట్ ఆ మాట నమ్మి 64 బిట్ అసెంబ్లీని తీసుకెళ్లి దాన్ని యంత్రం భాషలోకి మార్చే 32 బిట్ అసెంబ్లర్ ముందు పెట్టింది. ఎక్స్29, ఎక్స్30 అనే 64 బిట్ రిజిస్టర్లు (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదులు) దానికి తెలియవు కాబట్టి లైను లైనుకీ మొరాయించింది.

క్రాస్ కంపైల్ చేసేవాళ్లకీ, అంటే ఒక యంత్రం మీద వేరే రకం యంత్రానికి కంపైల్ చేసేవాళ్లకీ, ఇదే గొడవ. పలాసలో ఉన్న తమ్ముడి చొక్కాకి ఇక్కడ టైలర్ దగ్గర మన కొలతలు ఇచ్చి వచ్చినట్టు ఉంటుంది. కోడ్ ఎక్కడ నడవాలో తెలిసింది కంపైలర్‌కి. అడగాల్సింది దాన్నే.

నన్నడిగితే బిల్డ్ స్క్రిప్ట్‌లో యంత్రం ఏదో కనిపెట్టే ఈ పరీక్షే వద్దు. అసెంబ్లీ ఫైల్‌కి ఎక్స్‌టెన్షన్ పెద్ద 'ఎస్' పెట్టండి. అప్పుడది ప్రీప్రాసెసర్ (అసెంబ్లర్‌కి ముందు 'ఇఫ్' లాంటి షరతులు చూసేది) గుండా వెళ్తుంది, చిన్న 'ఎస్' అయితే వెళ్లదు. ఫైల్ మొదట్లో కంపైలర్ తనే పెట్టే ఏఆర్చ్64 మాక్రో (గుర్తు) ఉందా అని ఒక 'ఇఫ్' రాస్తే చాలు. సరిపడని యంత్రం మీద ఆ ఫైల్ ఖాళీగా కంపైలవుతుంది. సీ కోడ్‌లో కూడా అదే మాక్రో చూసి మామూలు ఫంక్షన్‌ని వాడుకోవచ్చు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. ముక్కూ మొహం తెలియనివాళ్లు పెట్టిన కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని సుడోతో ఎలా నడిపారు? కంపైల్ చేయడానికి సుడో అక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే కావాలి. వేల లైన్లుండే ఆ స్క్రిప్ట్‌ని ఎవరూ చదవరు, ఆ సంగతి దొంగలకు బాగా తెలుసు.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్‌లో 2024 మార్చిలో బయటపడ్డ వ్యవహారం మీరు తప్పక తెలుసుకోవాలి. 5.6.0, 5.6.1 వెర్షన్ల విడుదల ఫైళ్లలో బిల్డ్‌కి వాడే ఒక ఎం4 ఫైల్‌ని (కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారీకి వాడేది) మార్చి పెట్టారు. మూల కోడ్ ఉండే గిట్‌లో చూసినవాళ్లకి ఆ మార్పు కనిపించదు. అది ముందు చూసిందేమిటి? ఇది ఎక్స్86-64 లినక్సేనా, కంపైలర్ జీసీసీయేనా, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ తయారవుతోందా అని. అవునంటేనే, టెస్ట్ ఫైళ్లలో దాచిన దొంగ ఆబ్జెక్ట్ కోడ్‌ని బయటకు తీసి లైబ్రరీలో కలిపింది. ప్రాసెసర్‌ని బట్టి వేగమైన ఫంక్షన్‌ని ఎంచుకునే ఐఫంక్ ఏర్పాటునే అది తనకి దారిగా వాడుకుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) డెవలపర్‌కి ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం రాకపోయి ఉంటే అది ఎన్ని సర్వర్లకి చేరేదో! మీరు వెతుక్కున్న స్క్రిప్ట్‌లో ఉండే ఆర్కిటెక్చర్ (యంత్రం రకం) పరీక్ష లాంటిదే అక్కడ దొంగకి తాళంచెవి అయింది.

కాబట్టి మీ బోర్డు పని చేస్తోంది కదా అని ఊరుకోకండి. మెమరీ కార్డుని ఫార్మాట్ చేసి సిస్టమ్‌ని మళ్లీ ఎక్కించండి. ఆ బోర్డు నుంచి లాగిన్ అయిన ఖాతాల పాస్‌వర్డ్‌లు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు మార్చండి. ఈసారి 64 బిట్ సిస్టమే వేసుకుంటే ఈ లైబ్రరీ దానంతటదే కంపైలవుతుంది.

సొంతంగా అసెంబ్లీ రాసేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. ఫైల్ చివర 'నోట్ జీఎన్‌యూ-స్టాక్' సెక్షన్ లైన్ లేకపోతే, చాలా ఆర్కిటెక్చర్ల మీద లింకర్ (ఫైళ్లన్నిటినీ కలిపి ప్రోగ్రామ్ చేసేది) మొత్తం ప్రోగ్రామ్ స్టాక్‌ని (తాత్కాలిక డేటా ఉండే మెమరీ) ఎగ్జిక్యూటబుల్, అంటే అందులోని డేటాని కోడ్‌లా నడపగలిగేట్టు, చేసేస్తుంది. ఒక్క ఫైల్ చాలు. దాడి చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? 2022లో వచ్చిన బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉండే ప్యాకేజీ) 2.39 నుంచి దీనికి హెచ్చరిక వస్తోంది. చాలామంది దాన్ని చదవకుండా స్క్రోల్ చేసేస్తున్నారు. ఆ లైన్ 'ఇఫ్' లోపల కాదు, బయట ఉండాలి, ఖాళీ ఫైల్‌కి కూడా అది కావాలి. 32 బిట్ ఆర్మ్‌లో ఆ లైన్‌లోని 'ప్రోగ్‌బిట్స్' ముందు ఎట్ గుర్తు పెడితే కామెంట్ కింద పోతుంది, అక్కడ శాతం గుర్తు వాడండి. బిల్డ్ అయ్యాక 'రీడ్ఎల్ఫ్ -ఎల్' కొట్టి జీఎన్‌యూ స్టాక్ వరస చూడండి. ఆర్‌డబ్ల్యూ అని ఉంటే సరే. పక్కన 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం (ఎగ్జిక్యూటబుల్ అని అర్థం) కూడా కనిపిస్తే ఏ ఫైల్లో ఆ లైన్ తప్పిపోయిందో వెతికి, సరిచేసి మళ్లీ లింక్ చేయండి.