ఎల్బో విప్పి లోపల చూడు

అమ్మలూ,

పాత పడవ ఎగ్జాస్ట్ అంతా నువ్వే విప్పి బాగుచేస్తానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టు. తుప్పుపట్టిన నట్లకు ముందురోజే నూనె పట్టించు, స్పానర్ మీద బలం చూపించకు. గొట్టాలకు పాతకాలపు పట్టీ చుట్టి ఉంటే గీకకు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తెలిసినవాళ్ళతో తీయించు.

ఇక ఎల్బో, అదే ఇంజిన్ పొగ బయటికెళ్ళే వంపు గొట్టం. వేడి పొగలో ఉప్పునీళ్ళు కలిసేది అక్కడే కాబట్టి తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. విప్పి చూస్తే తప్ప తెలీదు.

నేను విప్పలేదు. చీమ దూరేంత చిల్లు కనబడితే పుట్టీ పూసి, టేపు చుట్టి, ఈ ఏడాదికి చాల్లే అనుకున్నాను. మాది పెట్రోల్ ఇంజిన్. పొగ వాసన రాలేదా అంటే వచ్చింది, కానీ పాత ఇంజిన్ కదా, ముక్కుకి అలవాటైపోయింది. మీ నాన్న కింద కేబిన్‌లో ఉన్నాడు. తల పగిలిపోతోంది, వాంతి వచ్చేలా ఉంది అన్నాడు. "నాలుగు అలలకే ఇలా అయితే ఎలారా, పడుకో" అని కసిరాను. పడుకోమన్నది నేనేనమ్మా. కాసేపటికి పిలిస్తే పలకలేదు. చంకల కింద చేతులేసి పైకి ఈడ్చుకొచ్చాను. గాలి తగిలాక ఎప్పటికో కళ్ళు తెరిచి "వచ్చేశామా అన్నయ్యా?" అన్నాడు. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. నా పరువు కాపాడుతున్నాడు, పిచ్చోడు.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. రక్తాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, అన్నీ అచ్చం పడవ ప్రయాణం పడకపోతే వచ్చేవే.

అందుకని అతుకులొద్దు. ఎల్బో కొత్తది, గాస్కెట్ కొత్తది. హోస్ మెరైన్ ఎగ్జాస్ట్‌కి చేసిందే ఉండాలి, రెండు చివర్లా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు బిగించు. కేబిన్‌లో మోనాక్సైడ్ అలారం పెట్టకుండా ఇంజిన్ తిప్పావో, నేనొచ్చి తాళం లాక్కుంటాను.

ఇంకోటి, ఇంజిన్ అందుకోకపోతే సముద్రపు నీటి వాల్వ్ తెరిచి ఉంచి అదేపనిగా సెల్ఫ్ కొట్టకు. మఫ్లర్, అదే సైలెన్సర్, నిండిపోయి నీళ్ళు సిలిండర్లలోకి తన్నుకొస్తాయి.

ఎల్బో విప్పగానే ఫోటో పంపు. బయటిది కాదు, లోపలిది.

పెదనాన్న