హాకీలో కొట్లాటల మీద కమిటీ ముందు మాట్లాడబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, కావలి నుంచి మామయ్య ఆశీస్సులు.

ఎడ్మంటన్‌లో మీ వీధి పిల్లల హాకీ క్లబ్బు కమిటీలో నిన్ను సభ్యుడిగా తీసుకున్నారనీ, వచ్చే సమావేశంలో ఆటలో కొట్లాటల మీద నీ అభిప్రాయం చెప్పమన్నారనీ రాశావు. మంచు మీద ఆడే ఆట మనది కాదు గదా, అందులో మనం వేలు పెట్టవచ్చునా అని కూడా అడిగావు. నీ కొడుకు చీకటితో లేచి ఆ రింకులో స్కేట్లు కట్టుకుంటున్నప్పుడు అది నీ ఆట కూడా అయినట్టే. వృత్తి హాకీలో పిడికిళ్ళకు చోటు ఉండకూడదనే నేనూ అంటాను. అయితే నువ్వు రాసి పంపిన ప్రసంగంలో ఆ ఆటగాళ్ళను అనాగరికులని తిట్టిన పేరాను మాత్రం మొత్తంగా కొట్టివెయ్యి. చిన్నప్పటి నుంచి ఆ ఆటను ప్రాణంగా చూసుకున్న తండ్రులు ఆ గదిలో ఉంటారు. వాళ్ళను నొప్పించిన తరువాత నువ్వు ఎంత న్యాయమైన మాట చెప్పినా వాళ్ళ చెవికెక్కదు.

ముందు వాళ్ళ వాదాన్ని వాళ్ళకంటే బాగా చెప్పగలిగేటట్టు తయారవ్వు. అది తేలికగా తీసిపారేసే వాదం కాదు. 1980లలో మీ ఊరి జట్టులోనే మేటి ఆటగాడు గ్రెట్‌స్కీ ఆడేటప్పుడు, అతన్ని ఎవరైనా మొరటుగా గుద్దితే అదే జట్టులో కొట్లాటలకు పేరుమోసిన సెమెంకోతో తలపడవలసి వస్తుందన్న భయం ఎదుటి జట్లకు ఉండేదని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రిఫరీ కన్ను పడని చోట ఆటగాళ్ళే ఒకరినొకరు అదుపులో పెట్టుకుంటారనీ, పిడికిలి భయం లేకపోతే కర్రలతో దొంగదెబ్బలు పెరుగుతాయనీ వాళ్ళ నమ్మకం. శరీరంతో ఢీకొట్టి పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను) వదిలించడం ఆటలో భాగమేననీ, నువ్వు దాన్ని వ్యతిరేకించడం లేదనీ మొదటే స్పష్టం చెయ్యి. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే, నీకు ఆటే తెలియదని నిన్ను పక్కన పెడతారు.

ఆ తరువాత నిబంధనల పుస్తకం తెరిచి చూపించు. నీ వాదానికి అసలు బలం అక్కడే ఉంది. అక్కడి పెద్ద వృత్తి లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) 1922లోనే కొట్లాటకు ఐదు నిమిషాల శిక్ష అని నిర్ణయించింది. కొట్టుకున్న ఇద్దరూ పెనాల్టీ బాక్సులో ఐదేసి నిమిషాలు కూర్చుంటారు. ఇద్దరికీ శిక్ష సమానం కాబట్టి ఏ జట్టూ ఒక మనిషి తక్కువతో ఆడనక్కరలేదు. కర్ర అడ్డుపెట్టి ఒకడిని తూలిస్తే జట్టు మొత్తం రెండు నిమిషాలు నష్టపోతుంది గానీ, ముఖం మీద గుద్దులు కురిపించుకుంటే జట్టుకు ఏ నష్టమూ లేదు. 1992లో కొట్లాటకు కాలు దువ్వినవాడికి అదనపు శిక్ష పెట్టారు. కానీ ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని ఒప్పందంగా గ్లవ్స్ పారేసి కొట్లాటకు దిగితే ఆ శిక్ష వర్తించదు. ఇంకొక సంగతి గమనించు. జెర్సీ వెనుక భాగాన్ని లోపల ప్యాంటుకు కట్టే ఒక పట్టీ ఉంటుంది. ఎదుటివాడు జెర్సీని తల మీదకు లాగి, చేతులు ఆడనీయకుండా చేసి కొట్టకుండా ఉండేందుకు అది. ఆ పట్టీ కట్టుకోకుండా కొట్లాటకు దిగి జెర్సీ ఊడితే ఆటగాడిని మ్యాచ్ నుంచే పంపేస్తారు. గుద్దినందుకు ఐదు నిమిషాలు, పట్టీ కట్టుకోనందుకు మ్యాచ్ మొత్తం! కొట్లాట ఎలా జరగాలో ఏర్పాట్లు చేసిన పుస్తకం దాన్ని నిషేధించిందని ఎవరూ అనలేరు.

మన జిల్లాలో సంక్రాంతికి వేసే కబడ్డీ పోటీలకు నేను రిఫరీగా ఉన్న రోజుల సంగతి నీకు పనికివస్తుంది. కూతకు వచ్చిన కుర్రాడు మధ్య గీతను అందుకోబోతుండగా ఎవడో చీలమండ పట్టు పడతాడు, వాడి మొహం ఇసుకలో గుచ్చుకుంటుంది, లేస్తూనే పట్టినవాడి మీద చెయ్యి చేసుకుంటాడు. ఊరి పెద్దలు సర్దిచెప్పి ఇద్దరినీ మళ్ళీ ఆడనిచ్చినంత కాలం ఆ తగాదా ఆట అయ్యేలోపు రెండు ఊళ్ళ తగాదాగా మారేది. చెయ్యి ఎత్తినవాడు బరి దాటాలి, వాడి స్థానంలో వేరొకడు రాకూడదు అని నిర్వాహకులు ముందే మైకులో చెప్పిన పోటీల్లో మాత్రం, నేను విజిల్ నోట పెట్టుకునేలోపే కెప్టెన్లు తమ కుర్రాళ్ళను నడుము పట్టి వెనక్కి లాగేవారు. శిక్ష జట్టు మీద పడితేనే కోచ్, కెప్టెన్ కాపలా కాస్తారు. నీ ప్రసంగానికి ఇదే వెన్నెముక కావాలి.

భయమే రక్షణ అన్నవారికి 2004 మార్చి 8న వాంకూవర్‌లో జరిగినది గుర్తుచెయ్యి. అంతకు ముందు నెలలో కొలరాడో జట్టు ఆటగాడు స్టీవ్ మూర్, వాంకూవర్ జట్టు కెప్టెన్ నాస్లుండ్‌ను గుద్ది గాయపరిచాడు. మార్చి 8 మ్యాచ్ మొదట్లోనే మూర్ ఒక వాంకూవర్ ఆటగాడితో కొట్లాడాడు. కొట్లాటను సమర్థించేవాళ్ళు చెప్పే కట్టుబాటు ప్రకారం లెక్క అక్కడితో తీరిపోవాలి. తీరలేదు. ఆటలో చివరిదైన మూడో పీరియడ్‌లో వాంకూవర్ ఆటగాడు బెర్టుజ్జీ వెనుక నుంచి వచ్చి గుద్ది, అతన్ని మంచు మీదకు పడదోశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి, మళ్ళీ అతను ఆడలేదు. కొట్లాట పగ తీర్చదని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

ప్రాణాల సంగతి చెప్పేటప్పుడు అతిశయోక్తి వద్దు. ఆంటారియోలో ఆడుతున్న డాన్ శాండర్సన్ అనే 21 ఏళ్ళ కుర్రాడు 2008 డిసెంబరులో కొట్లాట మధ్య హెల్మెట్ ఊడి, తల మంచుకు కొట్టుకుని కోమాలోకి వెళ్ళాడు, 2009 జనవరి 2న చనిపోయాడు. ఇది నేరుగా చెప్పు. కొట్లాటల కోసమే జట్టులో ఉన్న డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్ళకు మద్యం, నొప్పి మాత్రలు కలిసి మరణించాడు. తరువాత పరీక్షించిన వైద్యులకు అతని మెదడులో పదే పదే దెబ్బలు తిన్నవారికి వచ్చే సీటీఈ వ్యాధి కనిపించింది. పిడికిళ్ళ వల్లనే ఆ వ్యాధి వచ్చిందని మాత్రం అనవద్దు. శరీరాలు ఢీకొనే ఆటలో ఏ దెబ్బ దేనికి కారణమో విడదీయలేమని ఎవరైనా లేచి అంటే నీ దగ్గర జవాబు ఉండదు.

జనం కొట్లాట కోసమే వస్తారన్న మాట తప్పక వస్తుంది. దాన్ని కాదనకు. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జట్లు తలపడినప్పుడు మొదటి తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు జరిగాయి, జనం లేచి కేకలు వేశారు. అయితే ఐదు రోజుల తరువాత బోస్టన్‌లో అవే జట్ల ఫైనల్‌ను ముగించినది అదనపు సమయంలో మీ ఊరి జట్టు ఆటగాడు మెక్‌డేవిడ్ కెనడా తరఫున కొట్టిన గోలు. మీ ఊరివాళ్ళు నేటికీ చెప్పుకునేది ఆ గోలు గురించే. ఒలింపిక్స్‌లో కొట్లాడితే మ్యాచ్ నుంచి బయటకే. అయినా 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్‌లో కెనడా ఆటగాడు క్రాస్బీ గోలుకు దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో కూడా 2008-09 సీజన్‌లో 700 దాటిన కొట్లాటలు ఈమధ్య సగానికి దిగాయి, ఆట చచ్చిపోలేదు. వేగం పెరిగాక, స్కేటింగ్ సరిగా రాకుండా పిడికిలి ఒక్కటే ఉన్నవాడికి జట్టులో చోటు దొరకడం లేదు.

ఇక ఏమి కోరాలి? మీ కమిటీ ఎన్‌హెచ్‌ఎల్‌ను శాసించలేదు. పిల్లల ఆటలో కొట్లాడినవాడిని ఇప్పటికే పంపేస్తున్నారు గనుక, కొరత పైమెట్లలో ఉంది. పదహారేళ్ళ కుర్రాళ్ళు ఆడే జూనియర్ లీగులను పట్టుకో. క్యూబెక్ జూనియర్ లీగ్ 2023లో కొట్లాడినవాడు మ్యాచ్ వదలాలన్న నియమం తెచ్చింది. ఆంటారియో లీగ్ అంతకు ముందే సీజన్‌లో ఇన్ని కొట్లాటలు దాటితే సస్పెన్షన్ అని పరిమితి పెట్టి, తరువాత ఆ పరిమితిని మూడుకు దించింది. మీ పశ్చిమ రాష్ట్రాల లీగ్‌ను కూడా క్యూబెక్ బాటలో నడవమని కోరుతూ తీర్మానం చెయ్యండి. దాంతోపాటు తలకు తగిలే దెబ్బల మీద రిఫరీ కఠినంగా ఉండాలని కూడా రాయండి. కొట్లాటను తీసేసి దొంగదెబ్బను వదిలేస్తే, ఆటగాడికి రక్షణ ఎక్కడిదన్న వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే అవుతుంది.

నీ కొడుకు టీవీలో చూసి సోఫా మీద గ్లవ్స్ పారేసి ఆడుతున్నాడని కోప్పడ్డావట. కోప్పడవద్దు. వాడి పక్కన కూర్చుని, కొట్లాట జరుగుతుండగా రిఫరీలకు తోడుగా ఉండే లైన్స్‌మెన్ ఇద్దరూ ఎక్కడ నిలబడి దేనికోసం ఎదురు చూస్తున్నారో వాడినే చెప్పమను. పడిపోయినవాడు లేచేటప్పుడు ఏ చేత్తో మంచును ఆనుకున్నాడో చూడమను.

తీర్మానం ఒక పేజీ దాటనీయకు. మొదటి వాక్యంలోనే ఏమి కోరుతున్నారో ఉండాలి, కారణాలు తరువాత. సమావేశానికి ముందు చిత్తుప్రతి వాట్సాప్‌లో పంపితే చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య
కావలి