పద్యంలో ‘వ’ ఊదుకుపోతోంది మాస్టారూ!

ప్రశ్న: పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కడుతుంటాను. ఈమధ్య పైపళ్ళన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను. అప్పటినుంచి ‘వ’ అంటే ‘ఫ’లా గాలి ఊదుకుపోతోంది, మైకు ముందైతే మరీను. వచ్చే నెల విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రదర్శన ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక కళాకారుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: గొంతును అనుమానించకండి బాబూ, నేరం దానిది కాదు. అద్దం ముందు నిలబడి ‘అవ్వ’ అనండి. పై ముందుపళ్ళ కొసలు కింది పెదవిని ఎక్కడ తాకుతున్నాయో చూడండి. పెదవి మీద పొడిగా ఉండే భాగం, లోపలి తడి భాగం కలిసేచోట ఒక గీత ఉంటుంది. కొసలు ఆ గీత దగ్గర ఆనితే అమరిక కుదిరినట్టే. పళ్ళు పొట్టిగా అమరితే ‘వ’ వెళ్ళి ‘ఫ’లో పడుతుంది. మరీ పొడుగైతే ‘ఫోను’ కాస్తా ‘వోను’ అవుతుంది. మీ లక్షణం మొదటిదానికే దగ్గరగా ఉంది.

పళ్ళ డాక్టర్లకు ఇది తెలిసిన సంగతే. మైనం మీద పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూసేటప్పుడే ‘ఫిఫ్టీ ఫైవ్’ లాంటి మాటలు అనిపిస్తారు. మన ‘యాభై ఐదు’తో మాత్రం ఏమీ తేలదు. ‘భ’ రెండు పెదవుల సొత్తు, పళ్ళకు అక్కడ పనే లేదు. తెలుగువాళ్ళ చేత ‘ఇరవై’, ‘అరవై’, ‘వంద’, ‘వెయ్యి’ అనిపించాలని నా వాదన. మీరు డాక్టరు ముందు కూర్చుని ఇరవై నుంచి ఇరవై తొమ్మిది దాకా లెక్కపెట్టి వినిపించండి.

ఇంకో సంగతి. మన ‘వ’ రాపిడి శబ్దం కాదు. పళ్ళు పెదవిని తాకీ తాకనట్టుంటే చాలు. సెట్టు ఎక్కడ జారుతుందోనని మీరు పెదవి బిగబడుతున్నారేమో కూడా చూసుకోండి. రోజూ వచనం పైకి చదవండి, నిదానంగా. పద్యం వద్దు. రాగం ఎత్తుకున్నామంటే అచ్చుల మీద నిలబడిపోతాం, హల్లు తప్పు చెవిన పడదు. (మన నాటకాలవాళ్ళలో సగంమంది తప్పులు అలాగే దాటిపోతుంటాయి.) కొన్ని వారాల్లో పెదవి, నాలుక అలవాటు పడతాయి. ఈలోగా మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు పెట్టించుకోండి. ఆకురాయి తీసుకుని పళ్ళు మీరే అరగదీసే పని మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి ‘ఫలము’లో ‘ఫ’ను ‘ఫోన్’లోలా పలుకుతోంది. సంగీతం టీచరు తప్పంటున్నారు. బడిలో తెలుగు టీచరేమో అలాగే పలుకుతారట. ఎవరిది రైటు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సంగీతం టీచరుది శాస్త్రం, బడి టీచరుది వాడుక, అమ్మా. మన ‘ఫ’ ప-వర్గంలోది. పెదవులు రెండూ మూసి, ‘ప’కి ఊపిరి జోడించి వదలాలి. సంస్కృత వ్యాకరణం దంతోష్ఠ్యం, అంటే పళ్ళూ పెదవీ కలిసి పలికేది, అని చెప్పేది ‘వ’నే. పళ్ళు పెదవిని రాచే ‘ఫ’ మనకు ‘ఫిర్యాదు’, ‘ఫైసలా’ లాంటి పారశీ, అరబ్బీ మాటలతోనూ ఆ తర్వాత ‘ఫీజు’, ‘ఆఫీసు’లతోనూ వచ్చింది. హిందీవాళ్ళు అక్షరం కింద చుక్క పెట్టి వేరు చేసుకున్నారు. మనం రెండు పనులూ ఒకే అక్షరానికి అప్పగించాం. ఇవాళ బీసెంట్ రోడ్డులో ఎవర్ని ‘ఫలితం’ అనమన్నా పళ్ళ ‘ఫ’యే వినిపిస్తుంది.

పాప పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. పెదవుల ‘ఫ’కి ఒక్కసారి ఎగిరిపడుతుంది. పళ్ళ ‘ఫ’కి వంగి, గాలి ఆగేదాకా అలాగే ఉంటుంది. శ్లోకానికి, కీర్తనకి మొదటిది నేర్పించండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు దిద్దకండి, పిల్ల నోరు విప్పడమే మానేస్తుంది.

ప్రశ్న: మెత్తటి తిండి వల్లే మనిషికి ‘ఫ’, ‘వ’ పలకడం వచ్చిందంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, పటమట

జవాబు: 1985లో చార్లెస్ హాకెట్ అనే అమెరికా భాషావేత్త ఆ ఊహ చేశాడు. 2019లో డామియన్ బ్లాసీ బృందం ‘సైన్స్’ పత్రికలో దాన్ని బలపరిచింది. గట్టి తిండి నమిలే రోజుల్లో పళ్ళు అరిగి, పెద్దయ్యేసరికి రెండు వరసల కొసలూ ఎదురెదురుగా వచ్చేవి. సేద్యం వచ్చి తిండి మెత్తబడ్డాక పైవరస కాస్త ముందుకే నిలిచిపోయింది. అప్పుడు కింది పెదవిని అందుకోవడానికి సుమారు 30 శాతం తక్కువ శ్రమ చాలునని వాళ్ళ లెక్క. భాషావేత్తలందరూ ఒప్పుకోలేదు. వాళ్ళు చెప్పింది కూడా ఆ శబ్దాలు పుట్టే అవకాశం పెరిగిందనే. చేగోడీలు కొరికితే ‘వ’ పోతుందని కాదు, భయం లేకుండా తినండి.