ఎడమ వృషణంలో నెలల తరబడి నొప్పి: ఏయే కారణాలు చూడాలి?

మీరు రాసినదాని ప్రకారం మూడు నెలలుగా ఎడమవైపు లాగుతున్నట్టు నొప్పి, పైకి వాపు లేదు, రోజూ మాదాపూర్‌కి బైక్ మీద వెళ్లొస్తారు, మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసుకున్నా తగ్గలేదు. దయచేసి ఆ మందు మళ్లీ కొనకండి. ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేలకుండా వాడితే తర్వాత చేయించే యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) క్రిములు దొరక్కుండా పోవచ్చు. నొప్పి ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది ఓ వారం రాసిపెట్టుకోండి. డాక్టర్‌కి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

సాయంత్రానికి, ఎక్కువసేపు నిలబడ్డాక పెరిగి, పడుకుంటే తగ్గుతుంటే ముందు అనుమానించాల్సింది వేరికోసీల్. అంటే వృషణం నుంచి పైకి వెళ్లే సిరలు ఉబ్బడం. ఎడమవైపు సిర పొడవు ఎక్కువ, నేరుగా కిడ్నీ సిరలో కలుస్తుంది, అందుకే రక్తం కిందికి జారి అటువైపే ఎక్కువగా వస్తుంది. దీనికి సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపించే కలర్ డాప్లర్ స్కానింగ్ చేయించాలి. పడుకోబెట్టి మాత్రమే చూస్తే చిన్న వేరికోసీల్ కనిపించకపోవచ్చు. నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు కూడా చూడమని మీరే అడగండి. సిర వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటి, ముక్కినప్పుడు రక్తం వెనక్కి పారితే వేరికోసీల్ ఉన్నట్టే. అయితే నూటికి పదిహేను మంది మగవాళ్లకు ఇది ఉంటుంది, చాలామందికి నొప్పే ఉండదు. రిపోర్టులో ఆ మాట కనిపించగానే ఆపరేషన్‌కి తొందరపడొద్దు. ముందు కొన్ని వారాలు బిగుతైన లోదుస్తులు వాడి చూడాలి. పడుకున్నా ఉబ్బు తగ్గకపోతే మాత్రం కడుపు స్కానింగ్ తప్పనిసరి, పైన ఏదైనా గడ్డ సిరను నొక్కుతూ ఉండొచ్చు.

వృషణం వెనకాల తాడులా తగిలే భాగం ఎపిడిడిమిస్. దాన్నే గడ్డ అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. అక్కడ నొక్కితే నొప్పి, మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువగా సుఖవ్యాధుల క్రిములు, పెద్దవాళ్లలో మూత్రనాళపు క్రిములు కారణం. రెండింటికీ మందులు వేరు, కోర్సు సాధారణంగా 10 నుంచి 14 రోజులు, ఐదు రోజులు చాలవు. కోర్సు పూర్తయ్యాక కూడా గట్టిదనం తగ్గడానికి వారాలు పడుతుంది. తగ్గకుండా పూసల్లా గట్టిపడితే టీబీ పరీక్ష అడగాలి. మన దేశంలో ఇది మరిచిపోకూడని కారణం.

వృషణం ముట్టుకుంటే మామూలుగానే ఉండి నొప్పి నడుం పక్క నుంచి గజ్జల్లోకి దిగుతుంటే మూత్రనాళంలో రాయి చూడాలి. మూత్రనాళానికీ వృషణానికీ నరాల దారి దాదాపు ఒకటే కాబట్టి రాయి పైన ఉన్నా నొప్పి కింద తెలుస్తుంది. హైదరాబాద్ ఎండల్లో నీళ్లు తక్కువ తాగి తిరిగేవాళ్లకు ఈ అనుమానం ఇంకాస్త ఎక్కువ. దగ్గినప్పుడు గజ్జల్లో ఉబ్బితే హెర్నియా (పేగు లాంటిది కండరాల సందులోంచి బయటికి పొడుచుకురావడం) కావచ్చు. వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయిన కొందరికీ, వెన్నులో నరం నొక్కుకుపోయినవాళ్లకూ ఇదే నొప్పి రావచ్చు.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు, వృషణం పైకి లాగేసినట్టు ఉంటే అది వృషణం మెలి పడటం కావచ్చు. స్కానింగ్ సెంటర్ వెతక్కుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఆరు గంటలు దాటితే వృషణం దక్కడం కష్టం. అలాంటి నొప్పి వచ్చి దానంతటదే పోయినా చూపించుకోవాల్సిందే. క్యాన్సర్ గడ్డ చాలావరకు నొప్పి లేకుండానే వస్తుంది. కాబట్టి స్నానం తర్వాత రెండు వైపులా వేళ్లతో చూసుకోండి, వృషణంలోనే గట్టిగా తగిలితే వారం కూడా ఆగొద్దు.

అన్ని పరీక్షలూ నార్మల్ రావడం అరుదేమీ కాదు. నొప్పి మీ ఊహ అని దానర్థం కాదు. నరాల నొప్పికిచ్చే మాత్రలు, పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగు కండరాల) ఫిజియోథెరపీ, వృషణానికి పైనుంచి నరాలు, రక్తనాళాలు తెచ్చే తాడు (స్పెర్మాటిక్ కార్డ్) దగ్గర మత్తు ఇంజెక్షన్ లాంటి దారులున్నాయి.

నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. గోడల మీద రాసిన గుప్తరోగాల క్లినిక్‌లకు మాత్రం వెళ్లకండి. యూరిన్ టెస్ట్, డాప్లర్ రిపోర్టు, వాడిన మాత్రల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి.