మంచు కింద పొయ్యి

రాళ్ళూ నీళ్ళూ – పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ భూగర్భశాస్త్రం లెక్చరర్ జవాబులు

ఈసారి నాలుగు ఉత్తరాలే తీసుకున్నాను. మొదటి ఉత్తరం రాసినావిడకు నిద్ర పట్టడం లేదట. కాబట్టి ఆమెకు చోటు ఎక్కువ ఇచ్చాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, నమస్కారం. మా పెద్దోడు ఐస్‌లాండ్‌లో వీక్ అనే ఊళ్ళో హోటల్లో పనికి కుదిరాడు. ఆ ఊరి వెనకాలే మంచు కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉందంట. "చిన్న చిన్న భూకంపాలు వస్తానే ఉంటాయి, ఏం కాదులేమ్మా" అని ఫోన్లో నవ్వుతాడు. నాకు మాత్రం ఒకటే టెన్షన్. మంచు కింద ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? ముందే ఎట్లా తెలుస్తుంది? – ఒక తల్లి, ఆదోని

జవాబు: చెల్లీ, మీవాడు అబద్ధం చెప్పలేదు. కాట్లాలో చిన్న భూకంపాలు మామూలే. 2016 ఆగస్టులో నాలుగున్నర తీవ్రతతో వచ్చినప్పుడు కూడా అది పేలలేదు. అట్లాగని "ఏం కాదు" అనే మాట మీవాడు అన్నంత తేలిగ్గా నేను అనలేను. కాట్లా చివరిసారి పెద్దగా పేలింది 1918 అక్టోబర్ 12న. అంతకుముందు సుమారు 40 నుంచి 80 ఏళ్ళకోసారి పేలుతూ వచ్చింది. ఇప్పుడు వందేళ్ళు దాటాయి కాబట్టి "గడువు దాటింది" అని పేపర్లలో రాస్తుంటారు. గడువు దాటడానికి అదేమన్నా బంగారం మీద తీసుకున్న లోనా? కాకపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిందే. అక్కడి వాతావరణ శాఖవాళ్ళు రాత్రీ పగలూ కనిపెట్టుకునే ఉన్నారు.

కాట్లా నోరు సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు. దాని మీద మిర్దల్స్‌యోకుల్ అనే హిమానీనదం మూతలాగా కూర్చుని ఉంది. కొన్నిచోట్ల ఆ మంచు మందం 700 మీటర్ల దాకా ఉంటుంది. పైనుంచి చూస్తే తెల్లటి మైదానం తప్ప ఏమీ కనబడదు. అందుకని చెవులతోనే ఎక్కువ పని. కొండ చుట్టూ, మంచులోంచి తల బయటపెట్టిన రాతిగుట్టల మీద కూడా భూకంపాలను కొలిచే యంత్రాలు పెట్టారు. భూకంపం వస్తే ముందు ఒక చురుకైన అల వస్తుంది, దాని వెనక ఇంకో నిదానమైన అల. డోన్‌లో ఎక్స్‌ప్రెస్సూ పాసింజరూ ఒకేసారి బయలుదేరాయనుకోండి (మన రైల్వేలో జరగదు, ఊరికే అనుకోండి). కర్నూలుకు వచ్చేసరికి రెండిటి మధ్య కొంత తేడా ఉంటుంది, హైదరాబాద్ చేరేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఆ తేడాను బట్టి కంపం ఎంత దూరంలో పుట్టిందో లెక్క కడతారు. నాలుగైదు యంత్రాల లెక్కలు కలిపితే ఎక్కడ పుట్టింది, ఎంత లోతులో పుట్టింది అన్నదీ తేలుతుంది.

ఒక్క కంపం వచ్చిందంటే దానికి పెద్ద అర్థమేమీ ఉండదు. గుంపుగా వచ్చి, ఆ గుంపు కదులుతుంటేనే గుండె దడ. రాత్రి పక్క గదిలో ఎవరో నడుస్తుంటే అడుగుల చప్పుడును బట్టి వంటింటి వైపు పోతున్నారో, వాకిలి వైపు పోతున్నారో మనకు తెలుస్తుంది కదా! 2014 ఆగస్టులో అక్కడే బౌర్దర్‌బుంగా అనే ఇంకో అగ్నిపర్వతం దగ్గర సరిగ్గా అట్లాగే జరిగింది. ఆగస్టు 16న మొదలైన కంపాలు రెండు వారాల పాటు భూమిలో పక్కకు నడుచుకుంటూ 45 కిలోమీటర్లకు పైగా వెళ్ళాయి. రాయి చీలుతున్న చోటల్లా కరిగిన రాయి దూరుతోందన్నమాట. చివరికి మంచు దాటి బయట బీడులో లావా పైకి తన్నింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా ఆగలేదు. ఈలోగా కొండ నోరు 65 మీటర్ల మేర కుంగింది. అక్కడివాళ్ళు ఆ మంచు మీదే ఒక జీపీఎస్ పాతి, అది రోజురోజుకూ కిందికి దిగిపోతుంటే ఆఫీసులో కూర్చుని చూశారు.

ఇంకో సంకేతం ఆగని అదురు. మామూలు భూకంపం తలుపు మీద కొట్టిన దెబ్బలాంటిదైతే, ఇది చేలో బోరు మోటారు నడిచినట్టు ఒకటే గుయ్‌మని సాగుతుంది. లోపల కరిగిన రాయో, నీళ్ళో జోరుగా కదిలినప్పుడు వస్తుంది. ఆ గీత తెర మీద లావెక్కిందంటే డ్యూటీలో ఉన్నవాళ్ళు టీ గ్లాసు కింద పెట్టేస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఏటిలో పెట్టే యంత్రం. మీ ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే, సర్వీసింగ్ కుర్రాడు వచ్చి గ్లాసులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తాడే, అదే పద్ధతి. ఎండకు కరిగిన మంచునీళ్ళలో లవణాలు బాగా తక్కువ. వేడి రాతిని ఒరుసుకుని వచ్చిన నీళ్ళలో లవణాలు ఎక్కువ, కరెంటు సులువుగా పారుతుంది. ఏటిలో అంకె పెరిగిందంటే మంచు అడుగున ఎక్కడో పొయ్యి రాజుకుందని అర్థం. దాంతోపాటు కుళ్ళిన కోడిగుడ్ల వాసన కూడా వస్తుంది. ఆ వాసన వస్తే ఏటి దగ్గరికి పోవద్దని మీవాడికి చెప్పండి. అది విషవాయువు.

ఇంత చెప్పింది నీళ్ళ గురించి చెప్పడానికే. వీక్‌లో ఉన్నవాళ్ళకు నిప్పు కన్నా నీళ్ళ భయం ఎక్కువ. కింద పొయ్యి మండితే పైన మంచు కరిగి, మంచుగడ్డలతో, బూడిదతో, బురదతో కలిసి ఒక్కసారిగా దూకుతుంది. 1996 సెప్టెంబర్ 30న వాట్నాయోకుల్ అనే మహా హిమానీనదం కింద పేలుడు మొదలైంది. కరిగిన నీరంతా గ్రిమ్స్‌వోట్న్ అనే మంచు కింది చెరువులో చేరింది. ఇవాళో రేపో అని అందరూ కాచుకుని కూర్చున్నారు. రాలేదు. అయిదు వారాలు రాలేదు. నవంబర్ 5న ఆ నీరు మంచును పైకెత్తి కిందనుంచి దారి చేసుకుని, గంటల్లోనే మన లెక్కలో 16 లక్షల క్యూసెక్కుల పైచిలుకుకు చేరింది. 376 మీటర్ల వంతెన ఒకటి కొట్టుకుపోయింది. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు, ఎందుకంటే రోడ్డు ముందే మూసేశారు.

క్యూసెక్కులంటే మన జిల్లావాళ్ళకు విడమరిచి చెప్పాలా? 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి వచ్చింది దాదాపు 25 లక్షలు. 1918లో కాట్లా వదిలింది కోటి క్యూసెక్కులని అంచనా. చదివి భయపడకండి, అది ఎక్కువసేపు నిలిచే వరద కాదు. కానీ కాట్లాతో చిక్కేమిటంటే మొదటి గట్టి కంపానికీ వరదకూ మధ్య మిగిలేది కొద్ది గంటలే.

నేను వన్‌టౌన్ మనిషిని. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర మా వీధికి వచ్చింది. పైన ఎక్కడ ఎన్ని నీళ్ళు ఉన్నాయో ఎవరో ఒకరు కొలుస్తూనే ఉండి ఉంటారు, అంకెలు ఎక్కడో రాసే ఉంటారు. ఆ కబురు మా గడప దాకా వచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మా బీరువా తలుపు మీద బురద గీత ఇంకా ఉంది, నా భుజం ఎత్తున. రంగు వేయిస్తానని మా అబ్బాయి అంటాడు, నేనే వద్దన్నాను. అందుకే ఐస్‌లాండ్ యంత్రాల కన్నా అక్కడి ఫోన్ మెసేజీలే నాకు గొప్పగా అనిపిస్తాయి. ప్రమాదం అనుకుంటే ఆ ప్రాంతంలో ఉన్న ప్రతి ఫోన్‌కూ, పరాయి దేశంవాళ్ళ ఫోన్‌కైనా సరే, మెసేజ్ కొడతారు. వీక్ ఊరివాళ్ళు గుట్ట మీద ఉన్న చర్చికి పరిగెత్తడం ప్రాక్టీసు కూడా చేస్తారు.

మీవాడికి రెండు మాటలు చెప్పండి. రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు. హోటల్ నుంచి ఆ చర్చి దాకా ఒకసారి నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో మీకు ఫోన్ చేసి చెప్పమనండి. ఆ అంకె మీ దగ్గర ఉంటే మీకూ కొంచెం నిద్ర పడుతుంది.

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. నేను సున్నపురాయి గనిలో పని చేస్తాను. మేము తోటాలు పేల్చినప్పుడు పక్క ఊళ్ళో గిన్నెలు కదులుతాయంటారు. యంత్రాలు మా పేలుడును చూసి భూకంపం అనుకోవా? – కొలిమిగుండ్ల

జవాబు: యంత్రం అనుకుంటుంది నాయనా, దాన్ని చూసే మనిషి అనుకోకూడదు. హైదరాబాద్‌లో భూకంపాలను గమనించే పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి ఒకసారి మా స్టూడెంట్లను తీసుకెళ్ళాను. డ్రమ్ము మీద కాగితం తిరుగుతోంది, పెన్ను సన్నగా గీత గీస్తోంది. వెనక బెంచీ బ్యాచ్ ఊరుకుంటుందా? నలుగురు కలిసి ఎగిరి దూకారు. పెన్ను కూడా ఎగిరింది. అక్కడి పెద్దాయన తిట్టలేదు. ఆ గీత పక్కన పెన్సిల్‌తో టైము వేసి, "కోతులు" అని రాసుకున్నాడు.

మీ పేలుడు గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. అది దాదాపు నేల మీదే పుడుతుంది, పగటిపూటే వస్తుంది, చాలావరకు ఒకే వేళకు వస్తుంది. పైగా పేలుడు అన్ని వైపులకూ తోస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న యంత్రాలన్నిటిలో మొదటి కుదుపు పైకే ఉండాలి. రాతి పగులు జారితే ఒకవైపు తోపు, ఇంకోవైపు లాగు.

మంచు కొండల మీద మీ తోటాల పనిని ఆ మంచుగడ్డే చేసిపెడుతుంది. హిమానీనదం నదిలాగే జారుతుంది కదా, జారినప్పుడు పగులుతుంది, అంచులు విరిగి పడతాయి, రాతిని రాసుకుంటుంది. ప్రతిదీ ఒక చిన్న కంపమే. కాట్లా పడమటి వైపు శరత్కాలంలో కంపాలు పెరగడం చూసి, అది కరిగిన రాయి పనా, మంచు పనా అని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అందుకే కంప్యూటర్ పట్టిన కంపాలను మళ్ళీ మనుషులు కూర్చుని ఏరుతారు. మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టే. ఇక్కడ కావలసింది రాళ్ళు, పారేసేది బియ్యం, అంతే తేడా.

ప్రశ్న: టీచర్ గారూ, మంచు తగిలితే లావా ఆరిపోవాలి కదా? మంచు కింద పేలితే ఇంకా ఎక్కువ బూడిద ఎందుకు వస్తుంది? – పదో తరగతి విద్యార్థిని, కడప

జవాబు: మంచి ప్రశ్న. దోసెల పెనం బాగా కాలినప్పుడు మీ అమ్మ నీళ్ళు చిలకరిస్తే ఏమవుతుంది? చుయ్యిమని చుక్కలు నలుదిక్కులా ఎగురుతాయి. ఆ పెనం వేడి ఎన్నో వంతు? కరిగిన రాయి వేడి 1000 డిగ్రీల పైనే. నీరు ఒక్కసారిగా ఆవిరై ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఆ దెబ్బకు రాయి ముక్కలవుతుంది. ఆ ముక్కలు చటుక్కున చల్లారి గాజుపిండిలా తయారవుతాయి. బూడిద అంటాం గానీ అది కట్టెల బూడిద కాదు, నూరిన గాజు. లావా ఆరుతుంది, నిజమే. కానీ ఆరేలోపు తన కన్నా పది రెట్లకు పైగా మంచును కరిగించగలదు.

2010 ఏప్రిల్ 14న ఎయ్యాఫ్యాత్లాయోకుల్ మంచు కింద పేలినప్పుడు (పేరు చూసి బెంగపడకు, టీవీ యాంకర్లందరూ తడబడ్డారు) ఆ గాజుపిండి యూరప్ వైపు పోయింది. విమానం ఇంజను లోపలి వేడికి అది మళ్ళీ కరిగి లోపల తిరిగే రెక్కలకు అతుక్కుంటుంది, ఇంజను ఆగిపోవచ్చు. అందుకని దాదాపు లక్ష విమానాలు రద్దు చేశారు. అప్పటినుంచి ఒక్కో అగ్నిపర్వతం పరిస్థితిని పైలట్లకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో చెప్పే పద్ధతికి ఇంకా పట్టింపు పెరిగింది.

ప్రశ్న: మా ఊరి కింద అగ్నిపర్వతం ఉంది, అందుకే వజ్రాలు దొరుకుతాయి అని ఒకాయన అన్నాడు. నిజమేనా? మళ్ళీ పేలుతుందా? – వజ్రకరూరు

జవాబు: ఉండేది. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట. భూమిలో చాలా లోతు నుంచి కింబర్లైట్ అనే రాయి గొట్టంలా పైకి తన్నుకొచ్చి, దారిలో ఉన్న వజ్రాలను మోసుకొచ్చింది. ఆ పొయ్యి ఎప్పుడో చల్లారింది, మళ్ళీ పేలదు. మీరు తొలకరి వానకు నిశ్చింతగా వెతుక్కోండి, పక్కవాడి చేలో పంట తొక్కకుండా.

పులివెందుల వైపు ఇంకా పాతది, 188 కోట్ల ఏళ్ళ కిందట కరిగిన రాయి పొరల మధ్య దూరి గడ్డకట్టింది. దాని ముక్క ఒకటి నా దగ్గర ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, 2009 వరదలో నా రాళ్ళ పెట్టె కూడా మునిగింది. రాళ్ళకేం కాలేదు. సిరాతో రాసి అంటించిన చీటీలన్నీ పోయాయి. ఇప్పుడు పెట్టెలో రెండు నల్లరాళ్ళు ఉన్నాయి, ఒకటి పులివెందులది, ఇంకొకటి అనంతపురం దగ్గర ఒక డైకు (పగుల్లో గోడలా గడ్డకట్టిన రాయి) నుంచి కొట్టి తెచ్చింది. భూతద్దంతో ఎంత చూసినా ఏది ఏ ఊరిదో తేలడం లేదు. మైక్రోస్కోపు ఉన్న పాత స్టూడెంట్లు ఎవరైనా ఇది చదివితే ఒకసారి వన్‌టౌన్ వైపు రండి, టీ ఇస్తాను.